ఎక్స్‌పీ వేసి ఇవ్వండి

కొత్త లాప్‌టాప్ కొని, అట్టపెట్టె కూడా పారేయకముందే పట్టుకొచ్చి, "ఇందులో ఉన్నది తీసేసి ఎక్స్‌పీ వేసి ఇవ్వండి" అని అడిగిన కాలం ఒకటుంది. ఇప్పటి పిల్లలు నమ్మరు. కొత్తది తీసి పాతది పెట్టమనడం ఏమిటంటారు. 2007 నుంచి 2014 దాకా పెదపారుపూడిలో మా డీటీపీ షాపుకి వచ్చిన లాప్‌టాప్‌లు చాలావరకు ఆ పని మీద వచ్చినవే. ఇప్పుడు ఆ పని లేదు. చేసినవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. తెర మీద నీలిరంగు చూస్తూ గంటల తరబడి కూర్చుని చెప్పుకున్న కబుర్లూ లేవు. అందుకే కాస్త వివరంగా రాసిపెట్టాలనిపించింది.

మాది మెయిన్ రోడ్డు మీద ఒంటి గది షాపు. ముందు జిరాక్స్ మెషీను, పక్కన లామినేషను, స్పైరల్ బైండింగు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, మూలన యూపీఎస్. వానపాముల, వెంట్రప్రగడ, ఎలమర్రు, భూషణగుళ్ళ, చినపారుపూడి నుంచి జనం వచ్చేవాళ్లు. మండలాఫీసులో పనున్నవాళ్లు జిరాక్సుకి, ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు శుభలేఖలకి, ఇంట్లో పెద్దవాళ్లు పోయినవాళ్లు పెద్దకర్మ కార్డులకి, బడి పంతుళ్లు ప్రశ్నపత్రాలకి. కంప్యూటర్ల రిపేరు మేము పెట్టుకున్న వ్యాపారం కాదు. మావి మేమే బాగుచేసుకుంటున్నామని తెలిశాక ఊళ్లోవాళ్లు వాళ్లవీ తేవడం మొదలుపెట్టారు.

విండోస్ విస్టా 2007 జనవరి చివర్లో వచ్చింది. ఆ ఏడాది నుంచి కొన్న లాప్‌టాప్‌లలో ఎక్కువగా అదే ఉండేది. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలైంది కాబట్టి అప్పటికే అయిదేళ్లు దాటింది. 1 జీబీ ర్యామ్‌తో అమ్మిన యంత్రాల్లో విస్టా లేచి కూర్చోవడానికే చాలాసేపు పట్టేది. నెమ్మది ఒక్కటే అయితే జనం ఓర్చుకునేవాళ్లే. కానీ వాళ్ల పనులన్నీ ఎక్స్‌పీతో ముడిపడి ఉన్నాయి.

గుడివాడ వైపు రైసుమిల్లుల్లో ధాన్యం, నూక, తవుడు లెక్కలు డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముల్లో ఉండేవి. ఎవరో ఎప్పుడో రాసిచ్చి వెళ్లినవి. రాసినతను హైదరాబాదులోనో ఇంకెక్కడో స్థిరపడి ఉంటాడు. గుమస్తా గారికి ఆ తెరలో ఏ మీట నొక్కితే ఏ బిల్లు వస్తుందో చీకట్లో కూడా తెలుసు. 64 బిట్ విండోస్‌లో ఆ పాత 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. ఎక్స్‌పీలో అయితే హాయిగా నడుస్తాయి.

ఇంజినీరింగు పిల్లలది ఇంకో అవసరం. గుడ్లవల్లేరు, కానూరు కాలేజీల్లో చదివే మా చుట్టుపక్కల కుర్రాళ్లకు సీ ల్యాబు అంటే టర్బో సీ. నీలిరంగు తెర, పసుపు అక్షరాలు. విస్టాలో దాన్ని తెరిస్తే ఫుల్ స్క్రీన్ ఈ సిస్టమ్‌లో కుదరదని మెసేజి వచ్చేది. "అన్నా, రేపు ఎక్స్‌టర్నల్. ఇవాళ సాయంత్రంలోగా ఎక్స్‌పీ వేసెయ్యన్నా" అని గుమ్మంలోనే బతిమాలేవాళ్లు. డాస్‌బాక్స్ అనే చిన్న ప్రోగ్రాము వేస్తే సరిపోతుందని కొందరికి చెప్పి చూశాను. ల్యాబులో ఎలా ఉందో ఇంట్లోనూ అలాగే ఉండాలనేవాళ్లు. పరీక్ష ముందు రోజు పిల్లల మాట కాదనడం నాకు చేతనయ్యేది కాదు.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మూడో రకం. యాహూ మెసెంజరులోనో స్కైపులోనో మనవణ్ణి చూడాలి. వాళ్లకు ఎవరో ఒకసారి నేర్పించారు: ఎడమవైపు కింద మూలన ఆకుపచ్చగా స్టార్టు బటను ఉంటుంది, అక్కడ మొదలుపెట్టాలి. విస్టాలో ఆ బటను గుండ్రంగా, వేరే రంగులో ఉంది. అరవై ఏళ్లు దాటిన మనిషి ఎంతో కష్టపడి కాగితం మీద వరసగా రాసుకున్న మెట్లన్నీ ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయాయి. అలాంటి మనిషి ఎక్స్‌పీ అడగడంలో తప్పేముంది?

ఇక మా సంగతి. మా జీవనం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉండేది. అచ్చు అక్షరం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బందరులో 1902లోనే కృష్ణా పత్రిక మొదలైంది. మా ఊళ్లో 1936లో పుట్టిన రామోజీరావు గారు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభించారు. మా షాపులో కూర్చునే పెద్దవాళ్లకు ఆ మాట వస్తే గొంతు పెరిగేది. సీసపు అక్షరాలను కంపోజిటరు కేసులోంచి ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చడం, ట్రెడిల్ మీద కార్డులు అచ్చు వెయ్యడం చివరి రోజుల్లో నేనూ చూశాను. తర్వాత ఆ పనంతా పేజ్‌మేకర్‌లోకి వచ్చేసింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి రూపం. ఆ తర్వాత అడోబి దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీద దృష్టి పెట్టింది. తెలుగు డీటీపీ షాపులు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని వదల్లేదు.

ఎందుకు వదల్లేదో తెలియాలంటే అను ఫాంటు లోపల ఏముందో తెలియాలి. అందులో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఇంకోచోట, వత్తులు వేరే. మనం టైపు చేస్తుంటే స్క్రిప్ట్ మేనేజరు అనే ప్రోగ్రాము ఆ ముక్కలను వరసగా తెచ్చి పక్కపక్కన పేరుస్తుంది. కంటికి తెలుగే కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన గీతలు, చుక్కలు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ సొంత స్థానం ఉంది. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. కాబట్టి మా దగ్గర కంపోజైన ప్రతి శుభలేఖా, ప్రతి కరపత్రం, ప్రతి పుస్తకం ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, ఆ ఎక్స్‌పీ మూడూ కలిసి ఉన్న యంత్రంలోనే తెలుగుగా బతుకుతుంది. వాటిలో ఏ ఒక్కటి తప్పుకున్నా పేజీ చెదిరిపోతుంది. వెనకబాటుతనం వల్ల పాత విండోస్ పట్టుకుని వేలాడుతున్నామని సిటీ నుంచి వచ్చినవాళ్లు అనేవాళ్లు. మా చేతిలో ఉన్న పని విలువ వాళ్లకు కనిపించలేదని ఇప్పటికీ అంటాను.

ఆ రోజుల్లో పని ఎలా జరిగేదో ఒక లాప్‌టాప్ కథగా చెబుతాను.

హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక తన ఊరి చరిత్ర రాస్తున్నారు. చెరువు ఎవరు తవ్వించారు, బడి ఎప్పుడు కట్టారు, 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చిన చుట్టాలు ఎవరెవరి ఇళ్లల్లో తలదాచుకున్నారు, ఇలాంటివన్నీ ఇంటింటికీ తిరిగి సేకరించారు. పుస్తకం మా దగ్గరే అనులో కంపోజవుతోంది. ప్రూఫులు దిద్దడానికి ప్రతిసారీ బస్సెక్కి రావడం ఆయనకు కష్టంగా ఉంది. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన కొడుకు లాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని వచ్చారు.

"అబ్బాయ్, నా పుస్తకం ఇందులో తెరుచుకోవాలిరా. ఇంట్లో కూర్చుని దిద్దుకుంటాను."

"ఇందులో విస్టా ఉందండీ మాస్టారూ. మన పేజ్‌మేకరు దీని మీద సరిగ్గా నిలవట్లేదు. ఎక్స్‌పీ వెయ్యాలి."

"వెయ్యి మరి. వాడు అంత దూరం నుంచి మోసుకొచ్చాడు, పాడవదు కదా?"

పాడవదని మాటిచ్చి మొదలుపెట్టాను. అమెరికా చార్జరు మన గోడ ప్లగ్గులో దిగదు, దాని పిన్నులు చదునుగా ఉంటాయి. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంది కాబట్టి చిన్న ప్లగ్గు ముక్క తగిలిస్తే చాలు. ఆ మాట చెబితే గానీ పెద్దాయన స్విచ్చి వెయ్యనివ్వలేదు.

పాతది వెయ్యడానికి ముందు కొత్తదాన్ని తుడిచెయ్యకూడదు. ముందు దాన్ని చదవాలి. అప్పటికే లాప్‌టాప్‌లతో సీడీలు ఇవ్వడం తగ్గిపోయింది. కంపెనీ వేసిన విండోస్ మొత్తం హార్డు డిస్కులోనే దాచిన ఒక భాగంలో ఉండేది. దాన్ని డీవీడీల మీదకి రాసుకోకుండా చెరిపేస్తే మళ్లీ రాబట్టడం కష్టం. ఆ డీవీడీలు రాసి పెట్టెలో వేశాక డివైస్ మేనేజరు తెరిచి ఒక్కో భాగం పేరు, దాని నంబరు నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ నంబర్లలో తయారుచేసినవాళ్ల గుర్తు ఉంటుంది. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. ఎక్స్‌పీ వేశాక సౌండు కార్డో నెట్‌వర్కు కార్డో పసుపుపచ్చ ప్రశ్నార్థకంగా మిగిలిపోతే ఈ నంబరే దిక్కు. లైసెన్సు సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. విస్టా బిజినెస్, అల్టిమేట్ ఎడిషన్లకు ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కి వెనక్కి వెళ్లే హక్కు లైసెన్సులోనే ఉండేది. హోమ్ ఎడిషన్లకు ఉండేది కాదు. మాస్టారిది బిజినెస్.

ఎక్స్‌పీ సీడీ పెట్టి బూట్ చేశాను. నీలి తెర వచ్చింది. అడుగున ఒక వరసలో డ్రైవర్ల పేర్లు పరుగెత్తాయి. చివరికి తెల్లని అక్షరాల్లో వచ్చిన మాట ఇది: ఈ కంప్యూటరులో హార్డు డిస్కు ఏదీ కనపడలేదు, సెటప్ ముందుకు సాగదు, ఎఫ్3 నొక్కి బయటికి వెళ్లండి.

పక్కన కుర్చీలో ఉన్న మాస్టారు ఇంగ్లీషు చదివేశారు. "డిస్కు పోయిందా ఏంట్రా?"

"డిస్కు నిక్షేపంగా ఉందండీ. ఎక్స్‌పీకి దాని దగ్గరికి వెళ్లే దారి తెలియదు, అంతే."

విషయం ఇది. కొత్త సాటా డిస్కులు ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో మాట్లాడతాయి. ఆ పద్ధతి 2004లో ఖాయమైంది. ఎక్స్‌పీ అంతకు మూడేళ్ల ముందే తయారై సీడీకెక్కింది. రిటైరైన పోస్ట్‌మాన్‌కి తర్వాత వేసిన వీధి తెలియనట్టే దానికీ ఆ డిస్కు తెలియదు. తప్పు ఎవరిదీ కాదు. కొన్ని లాప్‌టాప్‌లలో బయాస్‌లోకి వెళ్లి సాటా మోడ్ అన్నచోట ఏహెచ్‌సీఐ తీసేసి ఐడీఈ అనో కంపాటిబుల్ అనో పెడితే పాత దారి తెరుచుకుంటుంది, పని అయిపోతుంది. మాస్టారి లాప్‌టాప్ బయాస్‌లో తేదీ, పాస్‌వర్డు, బూట్ వరస తప్ప ఇంకేమీ లేవు. ఆ మీట అసలు పెట్టలేదు.

ఇంకో దారి ఎఫ్6. నీలి తెర మొదట్లో అడుగున రెండు మూడు క్షణాలు ఒక వాక్యం మెరిసి పోతుంది. అప్పుడు ఎఫ్6 నొక్కితే డిస్కుకి దారి చూపే డ్రైవరును బయటి నుంచి ఇవ్వొచ్చు. అయితే సెటప్ ఆ డ్రైవరును ఫ్లాపీలోంచి మాత్రమే తీసుకుంటుంది. పెన్‌డ్రైవు ఒప్పుకోదు, సీడీ ఒప్పుకోదు. లాప్‌టాప్‌లలో ఫ్లాపీ అప్పటికే పోయింది. సెటప్ ఫ్లాపీ అడుగుతుంది, ఫ్లాపీ పెట్టే చోటే లేదు. ఎందరో మెకానిక్కులు ఇక్కడే చేతులెత్తేసి, "దీనికి ఎక్స్‌పీ పడదండీ" అని పంపేసేవాళ్లు.

మూడో దారి ఎన్‌లైట్. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము. ఎక్స్‌పీ సీడీలో ఉన్నదంతా హార్డు డిస్కులోకి కాపీ చేసుకుని, అందులో కావలసిన డ్రైవరును ముందే కలిపేసి, కొత్త సీడీ రాసుకోవచ్చు. కలిపేటప్పుడు 'టెక్స్ట్ మోడ్ డ్రైవర్' అన్నది ఎంచుకోవాలి. తర్వాత ఒక పెద్ద జాబితా వస్తుంది, అందులో మన చిప్ ఏదో సరిగ్గా చూపించాలి. తప్పు పేరు ఎంచుకుంటే స్టాప్ 7బీ అన్న నీలి తెరతో ఆగిపోతుంది. విస్టా ఉండగానే నోటుపుస్తకంలో రాసుకున్న పేరు ఇక్కడ పనికొస్తుంది. ఆ లాప్‌టాప్‌ది ఇంటెల్ ఐసీహెచ్8ఎమ్. ఇంటెల్ డ్రైవరు చిన్నదే కానీ గ్రాఫిక్స్, సౌండు డ్రైవర్లు పెద్దవి. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు 256 కేబీపీఎస్ మీద 100 ఎంబీ ఫైలు దిగడానికి గంట దగ్గర పట్టేది. మాస్టారిని భోజనానికి పంపి అవన్నీ దింపి పెన్‌డ్రైవులో వేశాను. నెట్‌వర్కు డ్రైవరు మరవకూడదు. అది లేకపోతే ఆ లాప్‌టాప్‌లో నెట్ రాదు, నెట్ రాకపోతే మిగతావి దింపుకోవడం కుదరదు.

కొత్త సీడీని తక్కువ వేగంతో రాశాను. వేగంగా రాసిన సీడీలను పాత డ్రైవులు ఒక్కోసారి సరిగ్గా చదవవు. ఈసారి డిస్కు కనిపించింది. ఎఫ్8 నొక్కి ఒప్పందం ఒప్పుకుని, డీ నొక్కి పాత పార్టిషను తీసేసి, సీ నొక్కి కొత్తది చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాటు కొట్టాను. ఫైళ్లు కాపీ అవుతుంటే కరెంటు పోయింది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ అరుపులు వింటూ కంగారు పడాల్సిందే. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి పని ఆగలేదు. ఫ్యాను ఆగింది, వీధి నిశ్శబ్దమైంది, సీడీ తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపించింది. మాస్టారు పేపరు మడిచి విసురుకుంటూ చూస్తున్నారు.

రీస్టార్టయ్యాక రంగుల తెర. ఎడమపక్కన '39 నిమిషాలు' అని కనిపిస్తుంది. ఎక్స్‌పీ వేసిన ప్రతి మనిషికీ ఆ అంకె గుర్తుంటుంది. అది 39 దగ్గర చాలాసేపు నిలబడుతుంది. 34 దగ్గర తెర నల్లబడి మళ్లీ వస్తుంది, అప్పుడది లోపలి భాగాలను వెతుకుతోంది. కొన్ని యంత్రాలు అక్కడే బిగుసుకుపోతాయి. ఇది గట్టెక్కింది. 33 దగ్గర ప్రాంతం, పేరు అడుగుతుంది. తర్వాత ఇరవై అయిదు అక్షరాల కీ. లాప్‌టాప్ బోర్లించి చూస్తే స్టిక్కరు ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని వాడేవాళ్ల యంత్రాల్లో ఆ స్టిక్కరు వేడికీ చెమటకీ అరిగిపోయి, 8 ఏదో, బీ ఏదో తేలేది కాదు. అందుకే ఏ లాప్‌టాప్ షాపులోకి వచ్చినా ముందుగా స్టిక్కరు మీద ఉన్నది కాగితం మీద రాసి యజమానికే ఇచ్చేవాణ్ణి. మాస్టారి స్టిక్కరు విస్టాది. వెనక్కి వెళ్లే హక్కు ఉన్నవాళ్లు ఎక్స్‌పీ కీ వేసి, ఫోను చేసి యాక్టివేట్ చేయించుకోవాలి. అంకెలు చదివి వినిపించడం, వాళ్లు చెప్పిన అంకెలు రాసుకోవడం మాస్టారే చేశారు. క్లాసులో డిక్టేషన్ చెప్పిన గొంతుతోనే చదివారు.

సౌండు రావడానికి ముందు యూఏఏ బస్ డ్రైవరు అని ఒకటి వెయ్యాలి. అది వెయ్యకుండా రియల్‌టెక్ డ్రైవరు ఎన్నిసార్లు వేసినా మాట్లాడదు. ఈ వరస తెలియక సౌండు కార్డు కాలిపోయిందనుకున్నవాళ్లు ఉన్నారు.

చివరిగా తెలుగు. ఎక్స్‌పీ వేసిన వెంటనే యూనికోడ్ తెలుగు కనపడదు. కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అన్న పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్కు పెట్టాలి. సీడీలోంచి ఫైళ్లు అడుగుతుంది. రీస్టార్టయ్యాక గౌతమి ఫాంటు వచ్చి చేరుతుంది, అప్పుడు తెలుగు వెబ్‌సైట్లు, కొడుకు రాసిన తెలుగు ఈమెయిలు చదవొచ్చు. విస్టాలో ఈ తతంగం లేదు, తెలుగు పుట్టుకతోనే ఉంది. ఈ ఒక్క విషయంలో విస్టా మేలు. ఆ మాట అప్పుడూ చెప్పాను.

అను, పేజ్‌మేకర్ వేసి మాస్టారి ఫైలు తెరిచాను. మొదటి పేజీలో ఆయన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో నిలబడింది. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూసి, "అబ్బాయ్, మూడో పంక్తిలో వత్తు జారిపోయింది" అన్నారు.

ఇలాంటి పనికి పూట పట్టేది, ఒక్కోసారి రోజు పట్టేది. అంతసేపూ మనిషి పక్కనే కూర్చునేవాడు. వదిలేసి వెళ్లడానికి ఇష్టపడేవాళ్లు కాదు, అందులో వాళ్ల పిల్లల ఫొటోలు ఉన్నాయి. డీ డ్రైవులోకి ఫొటోలు కాపీ చేస్తుంటే ఒక్కో ఫొటో వెనక కథ చెప్పేవాళ్లు. ఏ అమ్మాయి ఏ ఊళ్లో ఉంది, ఏ కాలువకు ఈ ఏడు నీళ్లు ఆలస్యంగా వదిలారు, దాళ్వా ఉంటుందా ఉండదా, ఉయ్యూరు ఫ్యాక్టరీ చెరకు డబ్బులు ఎప్పుడిస్తుంది. 39 నిమిషాల గడియారం కింద ఇన్ని మాటలు నడిచేవి. మండలంలో ఎవరింట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసేది కాదంటే అతిశయోక్తి కాదు. ఆ మనుషులు నన్ను నమ్మి తమ యంత్రాన్నీ, అందులో ఉన్న ఇంటి గుట్టునూ అప్పగించారు. ఆ నమ్మకానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మాకు పుస్తకాల్లో దొరికిన విద్య కాదిది. గుడివాడలో ఒకరు, విజయవాడ గవర్నర్‌పేటలో ఒకరు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్టయిన సీటీసీలో పనిచేసి వచ్చిన కుర్రాడొకడు, ఇలా ఫోన్ల మీద నడిచింది. హెచ్‌పీకి ఎఫ్10, డెల్‌కి ఎఫ్2, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1 అని బయాస్ మీటలు నోటుపుస్తకం అట్ట మీద రాసి ఉండేవి. సీడీ పౌచిలో ఒక్కో మోడలు డ్రైవర్లకు ఒక్కో సీడీ, దాని మీద మార్కరు పెన్నుతో పేరు. గీతలు పడ్డ సీడీని మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. ఒకరు కనిపెట్టింది ఇంకొకరికి చెప్పడానికి ఎవరూ వెనకాడేవాళ్లు కాదు. పోటీ షాపు అని దాచుకున్న మనిషిని నేను చూడలేదు.

తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 2012 అక్టోబరులో విండోస్ 8తో వచ్చిన లాప్‌టాప్‌లలో బయాస్ బదులు యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్, జీపీటీ డిస్కు. 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీ డిస్కు మీంచి లేవదు. లెగసీ మోడ్ పెట్టి, డిస్కు మొత్తం చెరిపి వేసినా గ్రాఫిక్స్‌కి ఎక్స్‌పీ డ్రైవర్లు తయారుచేయడం మానేశారు. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి రక్షణ అప్‌డేట్లు ఆపేసింది. జనం విండోస్ 7 వెయ్యమన్నారు. 2015 తర్వాతి ఇంటెల్ యంత్రాల్లో దానికీ అదే చిక్కు. పెన్‌డ్రైవులోంచి సెటప్ మొదలవుతుంది, తీరా భాష ఎంచుకునేసరికి అదే పెన్‌డ్రైవు కనపడదు, మౌసు కదలదు, డ్రైవరు కావాలంటుంది. విండోస్ 7కి యూఎస్‌బీ 3 తెలియకపోవడమే కారణం. ఆ డ్రైవరును ముందే కలుపుకుని కొన్నాళ్లు నడిపించాం. 2020 జనవరి 14తో దానికీ గడువు తీరింది. విండోస్ 10కి 2025 అక్టోబరులో తీరింది.

ఈలోగా 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఊరంతా ఫోన్లలోకి మారింది. యాహూ మెసెంజరు 2018లో మూతపడింది, స్కైపు 2025 మేలో. శుభలేఖ వాట్సాప్‌లో వస్తోంది. డీటీపీ షాపుల్లో యూనికోడ్ వచ్చింది, సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు వచ్చాయి. ఇదంతా మంచికే. తెలుగు ఏ ఫోనులో తెరిచినా తెలుగుగానే కనిపించడం చిన్న విషయం కాదు, దానికోసం ఎంతోమంది ఏళ్ల తరబడి పనిచేశారు. నేను పోగొట్టుకున్నది ఆ సాంగత్యం. దాన్ని వెనక్కి తెమ్మని ఎవరినీ అడగను.

అడగాల్సింది వేరే ఉంది. గుడివాడ, బందరు, అవనిగడ్డ, ఉయ్యూరు, ఏ ఊరైనా సరే, పాతికేళ్ల డీటీపీ పని ఇంకా అను ఫైళ్లలో, అటక మీది సీపీయూల్లో పడి ఉంది. ఊరి చరిత్రలు, గుడి సావనీర్లు, కాలేజీ వార్షిక సంచికలు, పంచాంగాలు, సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాలు. వాటిలో చాలావాటికి అచ్చు ప్రతులు కూడా మిగల్లేదు. మీ దగ్గర అలాంటిది ఉంటే ఈ నెలలోనే కిందికి దించండి. పాత ఐడీఈ హార్డు డిస్కును యూఎస్‌బీకి తగిలించే కేబులు దొరుకుతుంది, ముందు ఫైళ్లూ ఫాంట్లూ రెండూ కాపీ చేసుకోండి. ఇప్పటి లాప్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్ వేసి అందులో ఎక్స్‌పీ వెయ్యొచ్చు. అక్కడ కూడా డిస్కు కంట్రోలరును సాటా కాకుండా ఐడీఈ అని పెట్టండి, లేకపోతే డిస్కు కనపడలేదన్న ఆ పాత మాటే మళ్లీ వస్తుంది. దానికి నెట్ కలపకండి. పేజ్‌మేకరులో తెరిచి ముందు పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే పేజీ రూపం నిలుస్తుంది. తర్వాత అను నుంచి యూనికోడ్‌కి మార్చే పనిముట్లు వాడి అక్షరాలు బయటికి తీయండి. వత్తులు, పొల్లులు కొన్ని తప్పుతాయి, తెలుగు బాగా వచ్చినవాళ్ల చేత ఒకసారి చదివించండి. రచయిత అనుమతి ఉంటే తెలుగు వికీసోర్సుకి ఇవ్వండి, ఊరి లైబ్రరీకి ఒక ప్రతి ఇవ్వండి. ఎక్స్‌పీ వెయ్యడం తెలిసిన పాత మెకానిక్కు మీ ఊళ్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, పిలిస్తే వస్తారు. హార్డు డిస్కు తిరగడం మానేశాక మాత్రం మా చేతిలో ఏమీ ఉండదు.